నీ దారం లెక్కే నిజం

చెన్నై, టి.నగర్

ఒరేయ్ భూగోళం,

నీ ఉత్తరం సంక్రాంతికి ముందే అందింది. ఇన్నాళ్ళూ జవాబు రాయనందుకు ఎంత కోప్పడినా పడతాను. నాన్న మోకాలి నొప్పి అలాగే ఉంది, చిన్నదానికి పరీక్షలు, కొట్టు పైకప్పు బాగు చేయించాను. ఇంటి సంగతులు ఇంతే. అసలు మాట వేరే ఉంది. నేను శ్రీలంకలోని జాఫ్నా వెళ్ళొచ్చాను! విమానంలో గంటన్నర కూడా పట్టలేదు. అట్లాసు తెరిచి నీ దారం పెట్టి కొలువు. చెన్నైకి విజయవాడ కంటే జాఫ్నాయే దగ్గర. ఎనిమిదో తరగతిలో ఈ మాట అన్నందుకే కదా మాస్టారు నిన్ను బెంచీ ఎక్కించారు. ఆ రోజు నీ వైపు నోరు విప్పలేదు. ఇన్నేళ్ళకు విప్పుతున్నాను.

మొదటినుంచి చెబుతాను. దీపావళి అయిన వారానికి ఒక కుటుంబం పెళ్ళి చీరలకు కొట్టుకు వచ్చింది. ఆరుగురు. వాళ్ళ తమిళం మన చెన్నై తమిళంలా లేదు, ఒక్కో మాటా నిదానంగా, పాత పుస్తకంలోంచి తీసినట్టు ఉంది. ఏ ఊరని అడిగితే యాళ్పాణం అన్నారు, అంటే మన జాఫ్నాయే. పొద్దున బయలుదేరి, మధ్యాహ్నం భోజనం చేసి నా కొట్టులో కూర్చున్నారు! ఇదివరకు చెన్నై రావాలంటే రాత్రంతా బస్సులో దక్షిణానికి దాదాపు 400 కిలోమీటర్లు ప్రయాణం చేసి కొలంబో చేరాలి. అక్కడ విమానం ఎక్కి మళ్ళీ ఉత్తరానికే రావాలి. పోయేటప్పుడూ అదే తిప్పట. అందుకని పెళ్ళి బేరానికి ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళే వచ్చేవారట. ఈసారి పెళ్ళికూతురే వచ్చి తన చీర తాను ఎంచుకుంది. ఆ పిల్ల నలభై చీరలు విప్పించింది. నాకు ఒక్క క్షణం కూడా విసుగు రాలేదు. వాళ్ళ నాన్న కళ్ళ పరీక్ష చేయించుకున్నాడు, అమ్మమ్మ చిదంబరం చూసి వచ్చింది. ఒక్క చిన్న విమానం ఎన్ని కొట్లకూ, ఎంతమంది ఆటోవాళ్ళకూ పని పెట్టిందో చూడు.

చిక్కు చివరలో వచ్చింది. అమ్మమ్మ పక్క వీధిలో ఏడు కిలోల ఇత్తడి దీపపు సెమ్మె కొన్నది. జాఫ్నా విమానాశ్రయం ఉన్న పలాలిలో రన్‌వే పొట్టిది కాబట్టి ఏటీఆర్ 72 లాంటి చిన్న విమానాలే దిగుతాయి, సామాను పరిమితి గట్టిగా ఉంటుంది. నా తూకం మీద పెట్టెలు ఎక్కించాం, దించాం, మళ్ళీ ఎక్కించాం. చీరలన్నా ఉండాలి, సెమ్మె అన్నా ఉండాలి. చివరికి ఆవిడే సెమ్మెను పక్కకు జరిపింది. ఏమీ అనలేదు, చీర కొంగుతో దాన్ని ఒకసారి తుడిచింది. అంతే.

వాళ్ళది పలాలి పక్క ఊరు. 1990లో అక్కడి అంతర్యుద్ధానికి ఆ చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఆ తరువాత సైన్యం ఆ భూముల్ని భద్రతా వలయంగా ఉంచుకుంది. కొంత తిరిగి ఇచ్చారు, అంతా ఇవ్వలేదు. కట్టుబట్టలతో బయటపడ్డ రోజు ఆవిడ ఇంట్లో వదిలేసిన వాటిలో ఇలాంటి సెమ్మె ఒకటట. ఇప్పుడు ఆ ఊరి పక్కనే దిగే విమానంలో దానికి చోటు లేకపోవడం... దీని గురించి ఇంకా ఏదో రాయాలనుంది, మాట కుదరడం లేదు.

"నేను తెస్తాను, పెళ్ళికి అందుతుంది" అనేశాను. మా ఆవిడ నన్ను వింతగా చూసింది గానీ వద్దనలేదు.

పెట్టెలో రెండు జతల బట్టలు, మిగతా అంతా సెమ్మె. విమానం రెక్కలకు పంకాలు, కింద సముద్రం, కాసేపటికే తాటితోపులు. పలాలిలో కస్టమ్స్ అధికారి పెట్టె విప్పించి, అమ్మకానికా అని అడిగాడు. పెళ్ళికి అన్నాను. ముక్కలన్నీ ఒక్కొక్కటిగా చూసి, కాగితం తానే చుట్టి ఇచ్చాడు. గేటు బయట అమ్మమ్మ నిలబడి ఉంది. ఆవిడ నా చేతులు పట్టుకున్న తీరు ఉత్తరంలో పట్టదు, నువ్వు వచ్చినప్పుడు చెబుతాను.

నీ చరిత్ర పిచ్చికి కూడా ఒకటి తెచ్చాను. ఈ దారి కొత్తది కాదు. 1947 డిసెంబరు 10న ఎయిర్ సిలోన్ మొదటి విమానం కొలంబో పక్కన ఉన్న రత్మలానా నుంచి పలాలి మీదుగానే మద్రాసుకు వచ్చింది. యుద్ధంలో మూతపడ్డ దారి 2019 నవంబరు 11న తెరుచుకుంది, నాలుగు నెలలకే కరోనాకు ఆగింది, 2022 డిసెంబరు 12న మళ్ళీ మొదలైంది. 2024 సెప్టెంబరు నుంచి ఇండిగో కూడా నడుపుతోంది. మా తాత లుంగీల మూటలు బోట్ మెయిల్ రైల్లో ధనుష్కోడి దాకా, అక్కడినుంచి పడవలో శ్రీలంక తీరంలోని తలైమన్నారుకు పంపేవాడు. 1964 తుపాను ఆ రైలు దారిని మింగేసింది. దారి పోతే బేరం పోవడం మా ఇంట్లోనే చూశాం, అందుకే ఈ విమానం ఆగకూడదని రోజూ అనుకుంటున్నాను.

నేను దిగిన బస యజమాని అన్న మాట ఒకటి. కెనడా, లండన్‌లలో ఉన్న అక్కడివాళ్ళు ఇప్పుడు కొలంబో కాకుండా చెన్నై మీదుగా వస్తున్నారట. చెన్నైలో రెండు రోజులు ఆగి పెళ్ళి సామాను కొనుక్కుని మరీ ఊరు చేరుతున్నారట. నా కొట్టుకు ఈ మధ్య వచ్చిన కొత్త ముఖాల లెక్క అప్పుడు అర్థమైంది.

అన్నట్టు, జాఫ్నాలో నల్లూరు గుడి చూశాను. గ్రంథాలయం కూడా. 1981లో కాల్చేశారే, అదే. మళ్ళీ కట్టారు, తెల్లగా ఉంది. లోపల పిల్లలు చదువుకుంటున్నారు. వేలూరులో శ్రీలంక కండీ రాజు సమాధి దగ్గర మనిద్దరం గొడుగు పోగొట్టుకున్న రోజు గుర్తొచ్చింది. తెలుగు మాట్లాడే నాయకర్లు కండీని ఏలారని నువ్వు వానలో నిలబడి చెప్పావు చూడు, ఆ రోజు.

ఇప్పుడు నీతో పని. తిరిగి వచ్చాక కొట్టులో ప్రతి చీర చీటీ మీద ధర పక్కన బరువు కూడా రాయిస్తున్నాను. కంచిపట్టు ముప్పావు కిలోకు పైనే తూగుతోంది. జాఫ్నావాళ్ళకు తేలికైన నేత చీరలు చూపిస్తే చేతిలో పట్టుకుని వదలడం లేదు. నువ్వు మంగళగిరి వెళ్ళి మన పాత నేతగాడి దగ్గర రకానికొకటి తూకం వేయించి పంపు. వెంకటగిరివి నేను చూసుకుంటాను. అమ్మమ్మ చెల్లెలు వచ్చే వారం వస్తోంది, ఆవిడ ఏకంగా పన్నెండు చీరలు

కొరియర్ అబ్బాయి వచ్చి నిలబడ్డాడు, ఇక ఆగడట. తూకాలు మరిచిపోకు.

నీ
బెంచీ కింద వాడు