విరాళాలకు ముందే యాంటీబాడీ పరీక్ష

సంపాదకులకు,

ఎస్‌ఎంఏ (కండరాలు బలహీనపడే జన్యు వ్యాధి) ఉన్న పసిపిల్లలకిచ్చే కోట్ల రూపాయల జన్యుచికిత్స మందు జోల్‌జెన్‌స్మా వార్తలు విరాళాల దగ్గరే ఆగిపోతున్నాయి. ఆ మందుకు వాహనం ఏఏవీ9 అనే వైరస్ కవచం. వైరస్ జన్యువులు తీసేసి, ఈ పిల్లల్లో లోపించిన ఎస్‌ఎంఎన్ జన్యువు పెడతారు. ఆ కవచంలో దాదాపు 4,700 బేస్‌లే (డీఎన్‌ఏ అక్షరాలు) పడతాయి. ఎస్‌ఎంఎన్‌లో ప్రొటీన్‌కు కోడ్ ఇచ్చే భాగం చిన్నది కాబట్టి సరిపోయింది.

బిడ్డ రక్తంలో ఏఏవీ9 యాంటీబాడీల స్థాయి 1:50 దాటితే (అంటే రక్తద్రవాన్ని 50 రెట్లకు మించి పలుచన చేసినా అవి కనిపిస్తే), మందులోని వైరస్ శరీర కణాలను చేరకముందే అవి అడ్డుపడతాయి. డబ్బు సేకరించే ముందే ఈ పరీక్ష చేయించాలి. తల్లి నుంచి వచ్చినవైతే కొన్నాళ్లకు తగ్గుతాయి, మళ్లీ చూడొచ్చు.

మోతాదు బిడ్డ బరువులో కిలోకు 110 లక్షల కోట్ల వైరస్ రేణువులు. అవి చాలావరకు కాలేయానికే చేరి దాన్ని దెబ్బతీయొచ్చు. అందుకే మందు ఇచ్చే ముందురోజు నుంచే రోజూ కిలోకు 1 మి.గ్రా. ప్రెడ్నిసోలోన్ అనే స్టిరాయిడ్, కనీసం 30 రోజులు. కాలేయం దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే ఎంజైములు దిగకుండా స్టిరాయిడ్ ఆపేస్తే ప్రాణాపాయం. దయచేసి ఈ వివరాలూ ప్రచురించండి.

– జన్యుచికిత్స పరిశోధకులు, హైదరాబాద్