సోలార్ హీటర్లలో యాసిడ్: ఒక తప్పును మరో రసాయనంతో దిద్దబోవద్దు

సంపాదకులకు నమస్కారాలు.

నల్లగొండలో బోరు నీటితో సోలార్ హీటరు గానీ కరెంటు గీజరు గానీ వాడుకునే ఇళ్లలో సున్నం వదిలించడానికి యాసిడ్ పోయించడం మామూలైపోయింది. ఆ పొరపాటు గురించి, అంతకంటే ముఖ్యంగా దాన్ని దిద్దుకోబోయి మనం చేసే రెండో పొరపాటు గురించి, నా ఇంట్లో జరిగినదాన్నే ఉదాహరణగా తీసుకుని తోటి పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక తాగడానికి, వంటకు ఇబ్బంది చాలావరకు తగ్గింది. కానీ మిద్దె మీది ట్యాంకులోకి స్నానాల కోసం, బట్టల కోసం ఎక్కేది చాలా ఇళ్లలో ఇప్పటికీ బోరు నీరే. మన బోర్లలోని ఫ్లోరైడ్ సంగతి దేశమంతటికీ తెలుసు గానీ, అదే నీటిలో కరిగి ఉండే సున్నం మాత్రం బకెట్ల అంచులు తెల్లబడ్డప్పుడు తప్ప మనకు గుర్తుకు రాదు. తాగే నీటి కఠినత్వం, అంటే నీటిలో కరిగి ఉన్న ఇట్లాంటి లవణాల లెక్క, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే వనరు లేనప్పుడు 600 వరకు సర్దుకోవచ్చని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. చల్లటి నీటిలో కరిగి ఉన్న ఈ సున్నం వేడి పెరిగేకొద్దీ, ముఖ్యంగా 60 డిగ్రీలు దాటాక, నీటిని విడిచి గొట్టాల గోడలకూ గీజరు కాయిల్‌కూ రాయిలా అంటుకుంటుంది.

మాది 200 లీటర్ల సోలార్ హీటరు. 20 గాజు గొట్టాలు, లోపల స్టీలు ట్యాంకు. మొన్నటి చలికాలంలో నీళ్లు సరిగ్గా కాగడం లేదని ఒక మెకానిక్‌ను పిలిచాను. చీటీ లేని ప్లాస్టిక్ సీసాల్లో యాసిడ్ తెచ్చాడు. "ఏం గాదు సారూ, గంటల కడిగిన గిన్నె లెక్క అయితది" అని చెప్పి, ట్యాంకు పైన ఉండే గాలి గొట్టం ఊడదీసి, గరాటు పెట్టి పోశాడు. అది ఏ యాసిడో, ఎంత గాఢమైనదో నేను అడగలేదు. ముప్పై ఏళ్లకు పైగా బడిలో పిల్లలకు ఆమ్లాలు, క్షారాల పాఠం చెప్పినవాణ్ణి, అడగవలసింది.

కాసేపటికి పైనుంచి బుసబుసమని నురగ పొంగింది. ఘాటు వాసనకు మా ఇంటావిడ దగ్గుతూ, "ఎవ్వరు నల్లా ఇప్పకుండ్రి, స్నానాలు చెయ్యకుండ్రి" అని కింది వాటాలో ఉండేవాళ్లను హెచ్చరించింది. ఆ రోజు మా ఇంట్లో జరిగిన మంచి పని అదొక్కటే. నేను కంగారులో కిరాణా దుకాణం నుంచి కిలో చాకలి సోడా తెప్పించి, నీళ్లలో కలిపి అదే ట్యాంకులో పోయించాను. నురగ రెట్టింపై మిద్దెంతా పారింది. కింద వాల్వు తిప్పితే బకెట్‌లోకి వచ్చిన నీరు పాలలా తెల్లగా ఉంది. అది మురికి కాదని, యాసిడ్ అప్పటికే కరిగించిన సున్నాన్ని నా సోడా మళ్లీ సున్నంగా మార్చి గొట్టాల్లోకి దించిందని ఆ బకెట్ చూశాకే తట్టింది. పక్కింటి పెద్దమనిషి బ్లీచింగ్ పౌడరు వేస్తే వాసన విరుగుతుందని అప్పుడే ఒక పొట్లం పట్టుకొచ్చాడు. వారించాను. యాసిడ్‌లో బ్లీచింగ్ పడితే పుట్టేది క్లోరిన్ వాయువు, అది ఊపిరితిత్తులను కాలుస్తుంది.

యాసిడ్ పొరపాటున పడిందని తెలిసిన తర్వాత మనం నమ్మదగినది నీరొక్కటే. ఇంకే పొడీ, ఇంకే మందూ దాని మీద వేయకూడదు. సోలార్ హీటరైతే గొట్టాలకు ఎండ తగలకుండా పట్టా కప్పాలి. గీజరైతే కరెంటు తీసేసి, చల్లారనివ్వాలి. పైన గాలి గొట్టం గానీ, గీజరు వేడినీటి నల్లా గానీ తెరిచే ఉంచాలి. ఒక కిలో సున్నం యాసిడ్‌లో కరిగితే సుమారు 240 లీటర్ల బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) వస్తుంది, దారి మూసుకుపోతే ఆ ఒత్తిడిని ట్యాంకే భరించాలి. గీజరు లోపల తుప్పు పట్టకుండా పెట్టే మెగ్నీషియం కడ్డీ ఉంటే దాన్ని యాసిడ్ వెంటనే తినడం మొదలుపెడుతుంది, అప్పుడు వచ్చే హైడ్రోజన్‌కు నిప్పు అంటుకుంటుంది కాబట్టి దగ్గరలో అగ్గిపుల్ల కూడా గీయకూడదు.

ఇక కడగడంలోని అసలు చిక్కు గాజు గొట్టాలది. చాలామంది, మెకానిక్‌లు సైతం, ట్యాంకు కింది వాల్వు తిప్పి నీళ్లు ఆగిపోగానే పని అయిపోయిందనుకుంటారు. ఈ గొట్టాలు ట్యాంకు కంటే కిందికి వాలి ఉంటాయి, వాటి అడుగు మూసి ఉంటుంది. మామూలు సైజు గొట్టం ఒక్కొక్కదానిలో రెండున్నర లీటర్లకు పైగా నీరు పడుతుంది. అంటే 20 గొట్టాల్లో 50 లీటర్లకు పైగా యాసిడ్ నీళ్లు కదలకుండా అట్లాగే ఉండిపోతాయి. నింపిన ప్రతిసారీ పాత నీళ్లు కొత్త నీళ్లతో బాగా కలిస్తేనే ఆ ఘాటు నాలుగో వంతుకు దగ్గరగా తగ్గుతుంది. కాబట్టి మొదటిసారి పట్టా ఉండగానే నింపి, ఆ నీళ్లను వాల్వు తిప్పి బయటికి వదిలేయాలి. ఆ తర్వాత నింపినప్పుడల్లా పట్టా తీసి, పొద్దుటి ఎండలో గంటో రెండు గంటలో ఉంచితే గొట్టాల్లోని నీరు వేడెక్కి పైకి లేచి ట్యాంకు నీటితో కలుస్తుంది. ఇట్లా నాలుగైదు సార్లైనా చేయాలి. తెలిసిన మనిషి ఉంటే గొట్టాలు ఒక్కొక్కటిగా ఊడదీసి ఒంపేయడం ఇంకా మేలు. నీరు లేని గొట్టం ఎండకు కాగి ఉన్నప్పుడు మాత్రం చల్లటి నీళ్లు వదలరాదు, గాజు పగులుతుంది. ఖాళీ చేసి నింపే పని తెల్లవారుజామున గానీ పొద్దుగూకాక గానీ పెట్టుకోవాలి.

కడగడం చాలునో లేదో కంటితో తేల్చకూడదు. నీలి లిట్మస్ కాగితం గానీ, ఆమ్లం ఎంతుందో రంగుతో చూపే పీహెచ్ పట్టీ గానీ తెచ్చి, లోపలికి పోయే బోరు నీటిలో ఒకటి, బయటికి వచ్చే నీటిలో ఒకటి ముంచి చూడాలి. రెండూ ఒకే రంగు చూపే దాకా ఆ నీటితో స్నానం వద్దు. చివరి కడుగులో గుప్పెడు వంట సోడా వేయడంలో తప్పు లేదు గానీ అది చివరి కడుగులోనే.

ఇంత చేసినా మా ట్యాంకు దక్కలేదు. స్టీలును కాపాడేది దాని మీద ఉండే కంటికి ఆనని సన్నటి పొర. ఇళ్లకు అమ్మే యాసిడ్‌లో ఎక్కువగా ఉండే హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోని క్లోరైడ్ ఆ పొరను అక్కడక్కడ చీలుస్తుంది. మా ట్యాంకు బయటి రేకు అతుకు దగ్గర ఆరు వారాల తర్వాత గోధుమ రంగు చెమ్మ కనిపించింది. విప్పి చూస్తే లోపలి స్టీలులో గుండుసూది మొనంత రంధ్రాలు మూడు ఉన్నాయి. యాసిడ్ పోసిన రోజే ఆ నష్టం మొదలైందని మెకానిక్‌కు చెబితే అతను ఒప్పుకోలేదు. ఆ కుర్రవాణ్ణి నిందించి ప్రయోజనం లేదు, అతనికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

సున్నం తీయవలసి వస్తే కిరాణా దుకాణంలో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున కలిపి, గోరువెచ్చగా, పైన తెరిచి ఉంచి వాడుకోవచ్చు. మరిగించరాదు. ఆలస్యం అవుతుంది, ఒక కిలో సున్నానికి కిలోన్నరకు దగ్గరగా నిమ్మ ఉప్పు పడుతుంది కాబట్టి ఖర్చూ ఎక్కువే, అయినా ట్యాంకు నిలుస్తుంది. గీజరు కాయిల్‌నైతే విప్పి బకెట్‌లో నానబెట్టడం ఉత్తమం. నీరు గాజు గొట్టాల్లో నేరుగా కాగకుండా, మూసిన భాగంలో తిరిగే వేరే ద్రవం ద్వారా కాగే రకం హీటర్లు కూడా ఉన్నాయి, వాటి మూసిన భాగంలో కంపెనీ మనిషి తప్ప ఎవరూ చేయి పెట్టకూడదు. ఏ రకమైనా సరే, గీజరు నీళ్లు వంటకు వాడకండి. నిమ్మ ఉప్పు వేసినా, కాచినా ఫ్లోరైడ్ పోదు.

హీటర్లు అమ్మేవారికి, బాగు చేసేవారికి నా విజ్ఞప్తి ఒక్కటే. లోపలి ట్యాంకు దేనితో చేసినదో, దానిలో ఏది పోయకూడదో తెలుగులో రాసిన రేకు ఒకటి వాల్వు పక్కన బిగించి ఇవ్వండి. శుభ్రం చేసిన ప్రతిసారీ తేదీ, వాడిన మందు పేరు, ఎంత వాడారో రాసి ఇంటివారికి ఇవ్వండి. కొత్త ట్యాంకు వచ్చాక మా వాల్వుకు నేనే ఒక అట్టముక్క తీగతో కట్టి పెట్టాను. దాని మీద ఇప్పటికి ఒక్క వరుస ఉంది: నిమ్మ ఉప్పు, లీటరుకు 50 గ్రాములు, నాలుగు కడుగులు.

ఇట్లు,
విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు,
నల్లగొండ