పేకాటకు పతకమా?

అయ్యా,

పోకర్‌ను ఆసియా క్రీడల్లో చేర్చాలంటే నవ్వేవాళ్లు 2018 జకార్తా పోటీలను గుర్తు చేసుకోవాలి. బ్రిడ్జ్‌లో పురుషుల జంట స్వర్ణం మనదే. అదీ పేకాటే! గెలిచిన ప్రణబ్ బర్ధన్‌కు అప్పటికే 60 ఏళ్లు. బ్రిడ్జ్ పోటీల్లో అన్ని టేబుళ్ల దగ్గరా అవే ముక్కలు పంచి, ఎవరు బాగా ఆడారో పోలుస్తారు కాబట్టి అదృష్టానికి చోటు తక్కువ. మ్యాచ్ పోకర్ అనే రకంలోనూ ఇదే పద్ధతి, చిప్స్ (పందెం బిళ్లలు) అంటే డబ్బు కాదు, పాయింట్లే. చేరిస్తే ఆ రకాన్నే చేర్చాలి. డబ్బు పెట్టి ఆడేదాన్ని మాత్రం గడప తొక్కనివ్వొద్దు. రమ్మీలో ప్రధానంగా నైపుణ్యమే ఉందని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది, నిజమే. కానీ ఆన్‌లైన్ రమ్మీకి స్కూటర్ అమ్ముకున్నవాణ్ని మా వీధిలోనే చూశాను. అందుకే ఈ పట్టుదల.

- ఒక పాఠకుడు, గుంటూరు