బోర్లా పడ్డప్పుడు నేను మీటింగులో ఉన్నా

బుజ్జమ్మా,

ఇంకో నాలుగు రోజుల్లో నీకు ఆరు నెలలు నిండుతాయి. రేపు రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి నువ్వూ అమ్మా అమ్మమ్మా హైదరాబాద్ వచ్చేస్తున్నారు, తీసుకెళ్ళడానికి నేను కాకినాడ వచ్చా. ఇక్కడ సామాన్లు సర్దే పని నాకు ఇవ్వట్లేదు, నేను మడతపెట్టిన నీ గౌన్లు అమ్మమ్మ మళ్ళీ విప్పి మడతపెడుతున్నారు, సరే అని మేడ మీదకొచ్చి ఇది రాస్తున్నా. పెద్దయ్యాక నీకు ఈ ఆరు నెలల కబుర్లు చెప్పేవాళ్ళకి కొదవుండదు. అమ్మమ్మ ఒకరకంగా చెప్తారు, రాజమండ్రి నానమ్మ ఇంకోరకంగా చెప్తుంది, మీ అమ్మ ఇద్దరిదీ తప్పంటుంది. నా వాటా నేను ముందే రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే నాదాంట్లో సగం ఫోన్లోనే జరిగింది.

మొదటి కాన్పు పుట్టింట్లోనే కదా మనకి. ఏడో నెల దాటాక అమ్మ కాకినాడ వచ్చేసింది, ఇంటి నుంచే పనిచేసుకుంది, నువ్వు ఉగాది వెళ్ళిన వారానికి పుట్టావు. మీ అమ్మకి ఆఫీసులో 26 వారాల సెలవు, 2017లో చట్టం మార్చాక వచ్చింది అది, అంతకుముందు 12 వారాలే ఉండేది, అంటే పాతరోజుల్లో అయితే నువ్వు మెడ నిలబెట్టకముందే మీ అమ్మ ఆఫీసుకి పోవాల్సొచ్చేదన్నమాట. సెంట్రల్ గవర్నమెంట్లో చేసే మగాళ్ళకి 15 రోజులు ఇస్తారు. నాలాంటి ప్రైవేటోళ్ళకి చట్టంలో ఏమీ లేదు, కంపెనీ దయ. మా కంపెనీ దయ వారం. ఆ వారంలో రెండ్రోజులు బర్త్ సర్టిఫికెట్ చుట్టూ తిరగడానికి పోయాయి.

పుట్టింటి పద్ధతి తప్పని నేను అనను. మీ అమ్మని చూశాక అసలు అనను. నెల రోజులు ఆవిడ తన చేత్తో గ్లాసు నీళ్ళు కూడా ముంచుకోలేదు, పాత బియ్యం అన్నం, బీరకాయ కూర, వెల్లుల్లి కారం, ఏప్రిల్ ఎండల్లో చెవుల్లో దూది, తలకి గుడ్డ. దూది పెట్టుకోకపోయినా ఏం కాదు, అన్నీ తినొచ్చు అని డాక్టరమ్మ చెప్పారు, అమ్మమ్మ అలాగేనండి అని బుర్రూపి ఇంటికొచ్చి మళ్ళీ దూది పెట్టారు. మా ఫ్లాట్లో నేను చేసుంటే ఇందులో పదోవంతు కూడా అయ్యేది కాదు. కానీ ఆ పద్ధతి పెట్టినాయన ఎవరో తండ్రి సంగతి మాత్రం ఆలోచించలేదు, అంతే నా ఫిర్యాదు.

నువ్వు పుట్టినప్పుడు 2.8 కేజీలు. సొరకాయంత ఉన్నావు. నిన్ను నా చేతుల్లో పెడితే మోచేతులు బిగుసుకుపోయి అలాగే నిలబడ్డానంట, నర్సు వచ్చి "సార్, ఊపిరి తీసుకోండి" అంది. ఇరవై ఒకటో రోజు బారసాల. పళ్ళెంలో బియ్యం పోసి బంగారం ఉంగరంతో నీ పేరు నాతో రాయించారు, మూడు అక్షరాలే, అయినా పంతులుగారు వంకరగా ఉందని ఒకటి చెరిపించి మళ్ళీ రాయించారు. తర్వాత నూతిలో చేద వేయాలన్నారు. నూతికి మోటారు పెట్టి ఎన్నేళ్ళయిందో, గిలక ఎప్పుడో తీసేశారు, తాతయ్యగారు ఎక్కడినుంచో పాత బొక్కెన వెతికి దానికి నైలాన్ తాడు కట్టి తెచ్చారు, మీ అమ్మ పసుపూ కుంకుమా వేసి చేద దింపింది, బొక్కెన సగమే నిండి పైకొచ్చింది. అదయ్యాక నేను హైదరాబాద్ వెళ్ళిపోయా.

అక్కడ్నుంచి మొదలైంది ఫోన్ భాగోతం. రాత్రి తొమ్మిదికి వీడియో కాల్. మొదటి రెండు నెలలూ నువ్వు నన్ను ఒక్కసారి కూడా చూడలేదు. నేను అక్కడ నోరు నొప్పెట్టేలా బుజ్జీ బుజ్జీ అంటుంటే నువ్వు ఫ్యాన్ వంక చూస్తుండేదానివి. డాక్టరమ్మని అడిగితే నవ్వి, పుట్టిన కొత్తలో పిల్లలకి ఒక అడుగు దూరం వరకే కాస్త కనిపిస్తుంది, ఒళ్ళో పడుకుంటే తల్లి ముఖం ఎంత దూరంలో ఉంటుందో అంతే, మిగతాదంతా మసక, కాబట్టి మీరు ఫోన్లో ఎన్ని వేషాలేసినా దండగ, మాట్లాడండి చాలు, గొంతు అయితే కడుపులో ఉన్నప్పట్నుంచీ వింటూనే ఉంటారు అన్నారు. అప్పట్నుంచి వీడియో మానేసి మామూలు కాల్ చేసి స్పీకర్లో పెట్టించా. ఏం మాట్లాడాలో తెలీక ఆరోజు తిన్న కూర దగ్గర్నుంచి మియాపూర్ మెట్రోలో రద్దీ దాకా అన్నీ చెప్పా నీకు. మూడో నెల చివర్లో ఓ రాత్రి నేను హలో అనగానే నువ్వు పాలు తాగడం ఆపి ఫోన్ ఉన్నవైపు తల తిప్పావంట. మీ అమ్మ ఆ మాట చెప్పాక ఇద్దరం కాసేపు ఏం మాట్లాడుకోలేదు, నువ్వే ఊకొట్టావు.

నీ మొదటి నవ్వు గురించి ఇంట్లో తగాదా ఉంది. పుట్టిన వారానికే నవ్వావని నానమ్మ వాదన. అది నిద్రలో నవ్వు, దేవుడు ఆడిస్తుంటే నవ్వేది, అది లెక్కలోకి రాదని అమ్మమ్మ అంటారు. మనిషిని చూసి నవ్వింది మాత్రం రెండో నెల పడుతుండగా, తాతయ్యగారు పేపరు మడిచి కళ్ళజోడు తీసి నీవైపు వంగినప్పుడు. అంటే మొదటి నవ్వు కళ్ళజోడు లేని తాతయ్యగారికి. ఆయన ఇప్పటికీ రోజూ పొద్దున్నే నీ ముందు కళ్ళజోడు తీసి పెట్టుకుంటూ ఉంటారు, గమనించావో లేదో. నవ్వితే నువ్వుండలని ఆ మర్నాడే నువ్వులు వేయించారు, ఆ మే నెల ఉక్కపోతలో వీధంతా నువ్వుండలు పంచారు, వేడి చేస్తుందని సగంమంది తినలేదు.

అన్నట్టు స్నానం. నేను వచ్చిన ప్రతి ఆదివారం పని మానుకుని చూసింది అదొక్కటే. అమ్మమ్మ చిన్న పీట మీద కూర్చుని కాళ్ళు బారచాపుతారు, చీర మోకాళ్ళ పైకి దోపుకుని, ఆ రెండు కాళ్ళ మధ్య పల్లంలో నిన్ను బోర్లా పడుకోబెడతారు. ముందు గోరువెచ్చటి నూనె, నడుం నుంచి మెడ దాకా బొటనవేళ్ళతో, తర్వాత ఒక్కో చెయ్యీ ఒక్కో కాలూ లాగి వదులుతారు. సున్నిపిండి తడిపి అరిచేత్తో రుద్దుతుంటే నీ మడతల్లోంచి పాల మురికి నలకలు నలకలుగా వస్తుంది, మెడకింద మడతకి మాత్రం నువ్వు ఒప్పుకోవు, గడ్డం గట్టిగా కిందికి దించేస్తావు, అమ్మమ్మ ఊరుకోరు, వేలు పెట్టి ఎత్తేస్తారు. చెంబుతో నీళ్ళు పోసేటప్పుడు అరచెయ్యి నీ నుదుటికి అడ్డం పెడతారు, ఒక్క చుక్క కంట్లో పడదు. చివరి చెంబు నీ చుట్టూ తిప్పి శ్రీరామరక్ష, నూరేళ్ళు ఆయుష్షు అని పారబోస్తారు. ముక్కులో చెవుల్లో నూనె వెయ్యొద్దు, పొగ ముఖానికి తగలనివ్వొద్దు అని డాక్టరమ్మ అన్నదానికి మాత్రం అమ్మమ్మ నిజంగానే కట్టుబడ్డారు, సాంబ్రాణి ఇప్పుడు నీకు కాదు, నీ తువ్వాళ్ళకి వేస్తున్నారు. స్నానం అయ్యాక నువ్వు రెండు గంటలు కదలవు. నేర్పమని అడిగా. "మీ వల్ల కాదు బాబూ, ముందు కింద కూర్చోవడం నేర్చుకోండి" అన్నారు.

టీకాలకి మాత్రం మూడుసార్లూ నేనే ఉన్నా, పట్టుబట్టి వచ్చా. ఒకటిన్నర నెల, రెండున్నర, మూడున్నర. పుట్టినప్పుడు ఎడమ భుజానికి వేసిన బీసీజీ అప్పటికి చిన్న పొక్కులా లేచింది, నేను కంగారుపడితే నర్సమ్మ అదే రావాలి సార్, మందు రాయకండి అంది. తొడకి వేసే పెంటావాలెంట్ ఒక్క సూదిలో ఐదు జబ్బులకి, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, ఇంకా హిబ్ అని ఒకటుంది, అది మెదడు పొరల వాపు, న్యుమోనియా రాకుండా. అది కాక నోట్లో చుక్కలు, ఇంకో తొడకి ఇంకోటి. సూది గుచ్చాక నువ్వు వెంటనే ఏడవలేదు, ముందు నోరు తెరిచావు, ఊపిరి బిగబట్టావు, ముఖం ఎర్రబడింది, ఆ తర్వాత వచ్చింది ఏడుపు, ఆ మధ్యలో ఉన్న రెండు క్షణాలు నాకు చాలా పెద్దవి. మీ అమ్మ అప్పటికే బయటికెళ్ళిపోయింది, ఆవిడ చూడలేదు. రాత్రికి జ్వరం, మర్నాటికి ఆటలు. టీకాల కార్డు నా ఆఫీసు బ్యాగులో పెట్టుకున్నా, తొమ్మిదో నెలది హైదరాబాద్‌లోనే.

ఇక అసలు విషయానికొస్తా. శ్రావణమాసం, మొదటి శుక్రవారం. అమ్మమ్మ నోము హడావిడిలో ఉన్నారు, పొయ్యి మీద పూర్ణానికి శనగపప్పు ఉడుకుతోంది, మీ అమ్మ నిన్ను చాప మీద వెల్లకిలా వేసి పూలు కడుతోంది. నువ్వు వారంనుంచీ పక్కకి తిరిగి, అక్కడే ఆగి, చెయ్యి కింద ఇరుక్కుని కోపంతో అరుస్తున్నావు. ఆరోజు చామంతి పువ్వొకటి దొర్లి కాస్త దూరంగా పడింది, దానికోసం తిరిగి తిరిగి టక్కున బోర్లా పడ్డావు. పడి తల ఎత్తి నువ్వే భయపడ్డావంట, ఎక్కడికొచ్చానా అని. నేను అప్పుడు క్లయింట్ మీటింగులో ఉన్నా, నా స్క్రీన్ అందరికీ షేర్ అవుతోంది, ఆ స్క్రీన్ మీద మూలనించి మెసేజ్ వచ్చింది, "బోర్లా పడింది!!!!" అని. అమెరికాలో ఉన్న మేనేజర్ తెలుగాయనే. ఆయన ఒక్క క్షణం ఆగి, కంగ్రాట్స్ అండి, బొబ్బట్లు ఎప్పుడు అన్నాడు. మిగతావాళ్ళకి ఏం అర్థం కాలేదు. బొబ్బట్లకి వేరే పూర్ణం కూడా వండక్కర్లేదు, పొయ్యి మీద ఉన్నదే వత్తేశారు. నాకు వీడియో వచ్చింది కానీ అది రెండోసారి పడ్డది, మొదటిది ఎవరి దగ్గరా లేదు, మీ అమ్మ కళ్ళల్లో తప్ప. చెప్పొద్దూ, కొంచెం ఈర్ష్య ఉంది నాకు.

ఆ నెల్లోనే అన్నప్రాసన. ఆడపిల్లకి బేసి నెల, ఐదో నెలలో చేసెయ్యాలని నానమ్మ ముహూర్తం పెట్టించింది. ఆరు నెలలు నిండేదాకా పాలు తప్ప నీళ్ళు కూడా పట్టొద్దని డాక్టరమ్మ. ఇద్దరి మధ్యలో నేను. చివరికి ఉంగరంతో పరమాన్నం నాలిక్కి అలా తాకించి ఊరుకున్నాం, అసలు ముద్ద ఆరు నిండాకే. తేనె అయితే నేనే గట్టిగా వద్దన్నా, ఏడాది లోపు పిల్లలకి తేనె ప్రమాదం, నానమ్మ అలిగింది, మా కాలంలో అంది, మీ కాలంలో కూడా ప్రమాదమేనమ్మా, తెలీలేదంతే అన్నా. తర్వాత పుస్తకం, పెన్ను, బంగారం, డబ్బులు, పూలు ముందు పెట్టారు. నువ్వింకా పాకలేవు కదా, నా ఒళ్ళోంచి ముందుకి వంగి పళ్ళెం అంచు పట్టి మొత్తం లాగేశావు. అన్నీ నీ మీదే పడ్డాయి. పుస్తకం ముందు తగిలిందని నానమ్మ, గొలుసు ముందు తగిలిందని అమ్మమ్మ, ఆ వీడియో ఇప్పటికీ ఆపి ఆపి చూస్తున్నారు.

ఇప్పుడు నువ్వు 6.4 కేజీలు. ఐదో నెలకే పుట్టిన బరువుకి రెట్టింపు అయ్యావు. పళ్ళు రాలేదు, చొంగ మాత్రం వరద. కనిపించిన ప్రతిదీ నోట్లోకే, నా వాచీ బెల్టు రుచి నీకు బాగా తెలుసు. పొద్దున్న ఐదింటికి లేచి ఒక్కదానివే పైకప్పుతో ఊసులాడుకుంటావు. కొత్తవాళ్ళు ఎత్తుకుంటే ముందు వాళ్ళ ముఖం పరిశీలిస్తావు, తర్వాత తీర్పు చెప్తావు. నిన్న నేను బస్టాండు నుంచి వచ్చి ఎత్తుకున్నప్పుడు కూడా పరిశీలించావు, నేను మాట్లాడకుండా నిలబడ్డా, కావాలనే. నువ్వు గడ్డం పట్టుకుని లాగావు. ఇంకేం అనలేదు కదా, కేసు కొట్టేసినట్టే అనుకుంటున్నా.

వచ్చే సోమవారం నుంచి అమ్మ ఆఫీసుకి. సెలవు అయిపోయింది, దాచుకున్న సెలవులు (ఈఎల్) కూడా దానికి కలిపేసింది. నాలుగు రోజులుగా పాలు తీసి ఫ్రిజ్‌లో పెట్టడం ప్రాక్టీస్ చేస్తోంది, బాటిల్ చూస్తే నువ్వు మూతి తిప్పేస్తున్నావు, గోకర్ణంతో తాగుతున్నావు, అదీ తాతయ్యగారు పడితేనే. ఆయనేమో సంక్రాంతి దాకా రానంటున్నారు, వరికోతలున్నాయి. అమ్మమ్మ దీపావళి వరకు ఉంటారు. ఆ తర్వాత వారంలో మూడ్రోజులు నేను ఇంటినుంచి పని చేసేలా అడిగి ఒప్పించా, మిగతా రెండ్రోజులకి ఏంటో ఇంకా తేలలేదు, నానమ్మ వస్తానంటోంది, నానమ్మా అమ్మమ్మా ఒకే వంటింట్లో పడకుండా తేదీలు చూడాలి. పుట్టువెంట్రుకలు అన్నవరంలోనా తిరుపతిలోనా అన్నది అప్పటికి వాయిదా.

అవునూ, రెండు దిళ్ళ మధ్య కూర్చోబెడితే ఇప్పుడు కాసేపు ఆగుతున్నావు, తర్వాత ఒకవైపుకి ఒరిగిపోతున్నావు. ఆసరా లేకుండా కూర్చోవడానికి ఇంకో నెల, నెలన్నర పట్టొచ్చంట. కూర్చుంటే కుడుములు. మినప్పప్పు ఆల్రెడీ కొనేశా, కుడుములు వండటం అమ్మమ్మ దగ్గర నిన్న నేర్చుకున్నా, ఇది మాత్రం నా వల్ల అవుతుందన్నారు. కాబట్టి బుజ్జమ్మా, సోమ, బుధ, శుక్రవారాలు నేను ఇంట్లో ఉంటా. పన్నెండున్నర నుంచి ఒకటిన్నర దాకా మీటింగులు పెట్టొద్దని ఆఫీసులో చెప్పేశా. ఆ టైములో ప్రయత్నించు.

అమ్మమ్మ కిందనుంచి పిలుస్తున్నారు, ఉయ్యాల గొలుసులు విప్పాలంట.

నాన్న