మా ప్రొపోలిస్ క్రీములో, దాని ధరలో వస్తున్న మార్పు గురించి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం ప్రాంతాల్లో మా ప్రొపోలిస్ క్రీమును వాడుతున్న వారందరికీ నమస్కారం. వచ్చే విడత నుంచి ఈ క్రీము రూపమూ ధరా మారుతున్నాయి కనుక, కారణాలు ముందే మీకు తెలియజేస్తున్నాము.

తేనెటీగలు చెట్ల మొగ్గల నుంచి, బెరడు నుంచి సేకరించిన జిగురును మైనంతో కలిపి గూటి సందులు పూడ్చుకునే బంకే ప్రొపోలిస్. అందులోని ఫ్లేవనాయిడ్లు, కెఫిక్ ఆమ్లపు ఎస్టర్లు అనే మొక్కల రసాయనాలు ఆక్సీకరణను అడ్డుకుంటాయి. కానీ వెలుతురు, వేడి, గాలి తగిలితే ముందుగా ఆక్సీకరణ చెంది సత్తువ కోల్పోయేవీ అవే. నిల్వ ఉన్న కొద్దీ పాత క్రీము రంగు ముదురుతోందని మీలో కొందరు అడిగారు.

అందుకే ఇకపై ప్రొపోలిస్ సారాన్ని గుళికల్లో బంధించి కలుపుతున్నాము. 70 శాతం ఆల్కహాలుతో సారం తీసి, ఆల్కహాలును ఆవిరి చేసి, మిగిలిన దానిని సముద్రపు నాచు నుంచి లభించే సోడియం ఆల్జినేట్ ద్రావణంలో బాగా కలిపి, కాల్షియం క్లోరైడ్ నీటిలోకి చుక్కలుగా వదిలితే, కాల్షియం తగిలిన ప్రతి చుక్కా మెత్తని పూసగా గట్టిపడుతుంది. ఈ పూస గోడకు సన్నని రంధ్రాలుంటాయి. అయినా ప్రొపోలిస్ జిగురు నీటిలో అంతగా కరగదు కాబట్టి చాలావరకు లోపలే నిలుస్తుంది. ఇవి నానో కణాలు కావు. కంటికి కనిపిస్తాయి, వేలితో రాస్తే చిట్లుతాయి.

క్రీముల్లో లోహపు అయాన్లను పట్టి ఉంచడానికి సాధారణంగా కలిపే ఈడీటీఏ, సోడియం సిట్రేట్ అనే పదార్థాలు ఆ కాల్షియాన్ని లాగేసుకుని పూసలను కరిగించేస్తాయి కనుక రెండింటినీ మానేశాము. క్రీము చెడిపోకుండా వేసే మందుకు ఈడీటీఏ తోడుగా ఉండేది. అది లేనందువల్ల గడువు తగ్గించాము, 50 గ్రాముల డబ్బా ఆపి 30 గ్రాముల ముదురు రంగు గాజు సీసాలో ఇస్తున్నాము. ధర 240 రూపాయలు. గ్రాముల లెక్కన ఇది పాతదానికంటే ఎక్కువే.

మన కొండల్లోని దేశవాళీ తేనెటీగ ప్రొపోలిస్‌ను దాదాపు సేకరించదు. అందుచేత కోరాపుట్ వైపు వలిసె పూల కాలంలో పెట్టెలు పెట్టే ఇటాలియన్ తేనెటీగల పెంపకందారుల వద్ద కొంటున్నాము. ఆ బంక గుణం చుట్టుపక్కల చెట్లను బట్టి మారుతుంది. యూరప్‌లో పాప్లర్ చెట్ల జిగురుతో తయారైన ప్రొపోలిస్ గురించి వచ్చిన ఫలితాలను మన బంకకు యథాతథంగా అన్వయించడం సరికాదని మా అభిప్రాయం. విడతకూ విడతకూ రంగు, వాసన కొంత తేడాగా ఉంటాయి.

ముడతలు పోతాయని, మొటిమలు నయమవుతాయని మేము చెప్పము. ఆక్సీకరణను అడ్డుకునే గుణాన్ని పరీక్షించే ఊదా రంగు డీపీపీహెచ్ ద్రావణం ప్రొపోలిస్ కలిపితే పసుపుగా మారడం గాజు గొట్టంలో కనిపించే ఫలితం. ముఖం మీద ఏమి జరుగుతుందో అది చెప్పదు. వాడేవారిని తప్పుదోవ పట్టించే మాటలను 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ కూడా అనుమతించవు.

అన్నిటికంటే ముఖ్యం, దయచేసి శ్రద్ధగా చదవండి: ప్రొపోలిస్ కొందరికి చర్మంపై అలర్జీ కలిగిస్తుంది, గుళికలో పెట్టినంత మాత్రాన ఆ గుణం పోదు. మోచేతి లోపలి వైపు వారం రోజులపాటు రోజుకు రెండుసార్లు రాసి చూడండి. దురద, ఎరుపు, పొక్కులు కనిపిస్తే ముఖానికి వాడవద్దు. తేనెటీగల ఉత్పత్తులు పడని వారు అసలు కొనవద్దని మనవి.

సీసాను నీడలో ఉంచండి, ఫ్రిజ్‌లోని గడ్డకట్టే అరలో మాత్రం పెట్టవద్దు. పూసలు నీరు వదిలి కుంచించుకుపోతాయి.