కథ ఒకటే అనడం తోరా-సాన్‌కు న్యాయం కాదు

సంపాదకుల వారికి,

నమస్కారం.

సీక్వెల్ చిత్రాల గురించి మీ ఆదివారం సినిమా పేజీలో ఈమధ్య వచ్చిన వ్యాసం చదివాను. జపాన్ హాస్యచిత్రాల పరంపర ‘ఒతోకో వా త్సురాయ్ యో’ గురించి అందులో ఒక్క వాక్యమే ఉంది: ఒకే నటుడితో 48 చిత్రాలు వచ్చాయని, అన్నింట్లోనూ కథ ఒకటేనని. అంకె సరైనదే. 1969 నుంచి 1995 దాకా షోచికు సంస్థ తీసిన ఆ చిత్రాలన్నింట్లోనూ కథానాయకుడు తోరా-సాన్‌గా కియోషి అత్సుమీయే నటించారు; మూడోది, నాలుగోది తప్ప మిగిలినవన్నీ యోజీ యమదా దర్శకత్వం వహించినవే. అయితే కథ ఒకటేనన్న రెండో మాట చదివినవారికి ఇక వాటిని చూడనక్కర్లేదనిపిస్తుంది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

చట్రం ఒకటే, కాదనను. గళ్ల కోటు, టోపీ, చేతిలో పాత పెట్టెతో ఊరూరా తిరునాళ్లలో సరుకు పరిచి అమ్ముకునే తోరా-సాన్, టోక్యో అంచున షిబామతాలో ఉన్న బాబాయి మిఠాయి దుకాణానికి ఒకనాడు తిరిగివస్తాడు, ఇంట్లో గొడవ పడతాడు, ఎవరినో ప్రేమిస్తాడు, చెల్లెలు సకురా కంటతడి పెడుతుండగా మళ్లీ బయలుదేరతాడు. కానీ హరికథకు వెళ్లే మనవాళ్లు సీతాకల్యాణం ఎలా ముగుస్తుందో తెలియక వెళ్లరు కదా. దాసుగారు ఈసారి దాన్ని ఎలా నడిపిస్తారో వినడానికే వెళతారు.

1976లో వచ్చిన 17వ చిత్రాన్నే తీసుకోండి. ఉఎనోలోని ఒక తాగుడు కొట్టులో డబ్బు కట్టలేక మాటలు పడుతున్న ముసలాయనను తోరా-సాన్ జాలిపడి ఇంటికి తీసుకువస్తాడు. ఆయన అదేదో సత్రం అనుకుని స్నానానికి నీళ్లు పెట్టమంటాడు, బయట భోంచేసి బిల్లు దుకాణానికి పంపిస్తాడు. సంగతి తెలిశాక సిగ్గుపడి, సకురా కొడుకు కాగితం మీద కుంచెతో ఏదో గీసి, కాందాలోని పాత పుస్తకాల దుకాణానికి తీసుకువెళ్లమంటాడు. అక్కడ దానికి 70,000 యెన్లు చేతిలో పెడతారు. ఆయన సెయికాన్ అనే మహా చిత్రకారుడని అప్పుడు గాని ఇంట్లోవాళ్లకు తెలియదు. ఆ పాత్ర జూకిచి ఉనోది.

తర్వాత తాత్సునో అనే చిన్న పట్టణంలో ఆ చిత్రకారుడే మళ్లీ ఎదురవుతాడు. ఆయనకు జరిగే మర్యాదల్లో తోరా-సాన్‌కూ వాటా దక్కుతుంది, అక్కడే బొతాన్ అనే గీషాతో, అంటే ఆటపాటలతో అతిథులను అలరించే కళాకారిణితో, స్నేహం కుదురుతుంది. కివాకో తాయిచీ ఆ పాత్రలో ఎంత హాయిగా నవ్వుతారో చూసి తీరాలి. ఆ నవ్వే మనిషి, తాను కూడబెట్టుకున్న ఇరవై లక్షల యెన్లను ఒక మోసగాడు కాజేశాడని చెప్పుకోవడానికి టోక్యో వస్తుంది. చట్టం చేతులెత్తేస్తుంది. వాడి ఇల్లెక్కడో కూడా తెలియని తోరా-సాన్ వాడి పని పడతానంటూ వీధిలోకి పరుగెత్తుతాడు. తన కోసం ఒక మగవాడు అంత ఆవేశపడటం చూసి, ఇక డబ్బు రాకపోయినా ఫరవాలేదని బొతాన్ ఏడుస్తుంది. ఆమె కోసం ఒక బొమ్మ గీసిమ్మని తోరా-సాన్ అడిగితే, డబ్బు కోసం గీయనని సెయికాన్ నిరాకరిస్తాడు. ఆ తర్వాత తాత్సునోలో బొతాన్ గదిలో గోడ మీద ఒక పెద్ద పూల చిత్రం కనిపిస్తుంది. బొతాన్ అంటే పియోనీ పువ్వు. ఎవరెంత ఇచ్చినా అమ్మనంటుంది ఆమె. టోక్యో ఏ దిక్కున ఉందని అడిగి, తోరా-సాన్ ఆ వైపు తిరిగి చేతులు జోడిస్తాడు. ఆ చోట నేను నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను.

ఇదే చిత్రంలో సెయికాన్ తన పాత ప్రియురాలిని కలుసుకునే చిన్న ఘట్టం ఉంది. చేసినందుకు పశ్చాత్తాపం, చేయనందుకు పశ్చాత్తాపం, ఏదో ఒకటి మనిషికి తప్పదన్న భావం వచ్చే మాటలను అక్కడ ఆ ప్రియురాలి పాత్రలో యోషికో ఒకదా పలుకుతారు. 1938లో ప్రియుడితో కలిసి సోవియట్ సరిహద్దు దాటి, ఆ ప్రియుడిని అక్కడే పోగొట్టుకుని, 1972లో గాని స్వదేశం చూడని నటి ఆమె. ఆ మాటలు ఆమె చేతే పలికించాలని తోచిన దర్శకుణ్ణి కథ మార్చని దర్శకుడని కొట్టిపారేయగలమా?

ఉద్యోగరీత్యా నేను కొన్నేళ్లు టోక్యోలో, మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్న నిషికసాయ్‌లో ఉన్నాను. షిబామతా పక్క వార్డులోనే. స్టేషన్ ముందు వెనక్కి తిరిగి చూస్తున్న తోరా-సాన్ కంచు విగ్రహం, కాస్త దూరంలో అన్నను సాగనంపుతున్న సకురా విగ్రహం ఉన్నాయి. తోరా-సాన్ విగ్రహం 1999లో పెట్టారు. సకురా విగ్రహం వచ్చేసరికి 2017 అయింది. ఆయన ఎడమ పాదం జనం తాకి తాకి నిగనిగలాడుతోంది.

ఈ చిత్రాలు తెలుగు సబ్‌టైటిళ్లతో నాకెక్కడా కనబడలేదు. ఇంగ్లిషులో చూస్తే తోరా-సాన్ మాట్లాడే టోక్యో బస్తీ యాస, బొతాన్ మాట్లాడే పడమటి యాస ఒక్కలాగే చదునైపోతాయి. ఇన్ని యాసలున్న తెలుగుకు ఆ తేడా చూపించగల శక్తి పుష్కలంగా ఉంది. జపనీస్ నేర్చిన మన యువతీయువకులు ఎవరైనా ఈ 17వ చిత్రంతో ఆ పనికి పూనుకోవాలని, మీ సినిమా పేజీ ఈ ఒక్క చిత్రం మీదనైనా పూర్తి వ్యాసం వేయాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
విజయవాడ.