పులిహోర ఆ ఒడ్డున, మీరు ఈ ఒడ్డున

సెయింట్ లూయిస్‌లో మా టూర్లకు వచ్చే అమ్మానాన్నలకూ, వాళ్లను నమ్మి పంపే పిల్లలకూ నమస్కారం.

జూన్ మొదటి శనివారం కస్కాస్కియా అనే పాత ఫ్రెంచి ఊరికి మా టూర్ చెడింది. వాట్సాప్‌లో తలో రకంగా చెప్పుకుంటున్నారు కాబట్టి జరిగింది నేనే చెబుతాను. పద్దెనిమిది మంది పెద్దవాళ్లు ఇల్లినాయ్ వైపు గుట్ట మీద. పులిహోర, పెరుగన్నం డబ్బాలతో నేను ఊళ్లో, ఫ్రెంచి రాజు పంపిన పాత చర్చి గంట దగ్గర. మధ్యలో మిసిసిపి.

బస్సు అద్దెకిచ్చేవాళ్లు ముందురోజు రాత్రి డ్రైవర్ని మార్చి నాకు చెప్పలేదు. పాతాయనకి దారి కొట్టినపిండి. కొత్తాయన ఇల్లినాయ్ ఊరికి ఇల్లినాయ్ రోడ్డే కదా అనుకుని పాత కోట ఉన్న గుట్టెక్కాడు. అక్కణ్ణుంచి ఊరికి రావాలంటే కిందికి వెళ్లి చెస్టర్ వంతెన దాటాలి, మిస్సోరిలో మళ్లీ పైకి సెయింట్ మేరీ దాకా రావాలి, పాత పాయ మీది చిన్న వంతెన దాటాలి. తన డ్యూటీ గంటలు చాలవని బస్సు వెనక్కి తిప్పేశాడు. ఆఫీసుకి ఫోన్ చేసి అరిస్తే "అడ్రస్ మీరిచ్చిందే కదండీ" అన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుతోంది. నేను రాసిచ్చింది 'కస్కాస్కియా, ఇల్లినాయ్' అని, అంతే.

నిజానికి ఈ తికమక 1881 నాటిది. 1703లో ఫ్రెంచి పాదరీలు నిలిపిన ఊరు, 1818లో ఇల్లినాయ్ రాష్ట్రానికి తొలి రాజధాని. స్టీమర్లకు కట్టెల కోసం ఒడ్డున చెట్లన్నీ నరికేశారు, కోత మొదలైంది. 1881 వరదల్లో మిసిసిపి తూర్పునున్న కస్కాస్కియా నదిలోకి తెగబడి కొత్త దారి పట్టింది. పాత ఊరు ఏట్లో కలిసిపోయింది, మిగిలిన నేల మిస్సోరి వైపు పడింది. కాగితాల్లో మాత్రం ఇప్పటికీ ఇల్లినాయే. 1993లో ఏటిగట్టు తెగి లంకంతా మునిగింది. 2010 లెక్కల్లో జనం 14 మంది.

"ఆ ఊరు తీసేయండి, చెస్టర్‌లో కార్టూన్ పొపాయ్ విగ్రహం చూపిస్తే చాలు" అని నలుగురు పిల్లలు రాశారు. మూడు రాత్రులు నిద్రపట్టలేదు. లెక్కలు చూస్తే తీసేయడమే మంచిది. కానీ కిందటేడు కోనసీమ నుంచి వచ్చిన ఒకమ్మ ఏటిగట్టెక్కి, "ఇది మన లంకే కదా నాయనా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కాకినాడ మాస్టారొకరు, 1741లో పదిహేనో లూయీ పంపిన ఆ గంట చూసి, "మన యానాం ఫ్రెంచివాళ్ల రాజేగా!" అన్నారు. చుట్టూ ఆంధ్ర, పాలన పుదుచ్చేరిది, ఇదీ అంతేనని దారి పొడుగునా బస్సుకంతా పాఠం చెప్పారు. సెయింట్ లూయిస్‌లో ఆ పెద్ద ఆర్చ్ చూసి ఎవరైనా ఇలా మాట్లాడారా? తీసెయ్యను. ఇద్దరే వచ్చినా నా కార్లో తీసుకెళ్తాను.

డబ్బు అందరికీ వెనక్కి పంపేశాను. ఆ పద్దెనిమిది మందికి ఈసారి టూర్ ఉచితం. ఆ బస్సువాళ్లు తగ్గించి ఇస్తామంటున్నారు, నాకక్కర్లేదు. ఇకపై బస్సులో నేనుంటాను, సెయింట్ జెనవీవ్ మీదుగా మిస్సోరి వైపు నుంచే వెళ్తాం. అక్కడే కాళ్లూ చేతులూ కడుక్కోండి, ఊళ్లో టీ కూడా దొరకదు. ఫ్లాస్కు నేను తెస్తాను. పులిహోర కూడా బస్సులోనే, నా ఒళ్లో.